నానమ్మ తినేసిన గులాబీ

బాన్యా, వేడినీళ్ళ ఆసుపత్రి, మూడో అంతస్తు
ఫిబ్రవరి 9

ఒరేయ్ రెల్యా,

నిన్న నీకు పదిహేడు లైన్లు రాశాను. ఎడమ బొటనవేలితో, కళ్ళజోడు ముక్కు మీంచి జారిపోతుంటే. దానికి నువ్విచ్చిన జవాబు "సరే". ఏంట్రా సరే? నేనేమైనా ట్రాఫిక్ పోలీసునా? నాకు రాసేటప్పుడు ఉత్తరం రాసినట్టు రాయి. ఏ ఊరు, ఏ తారీకు, ఎవరికి. ఎదురుగా ఉంటే ఎలాగూ నీ నోరు పెగలదు, ఫోన్లో వేళ్ళకైనా పని చెప్పు. ఎనిమిదో క్లాసుతో బడి మానేసినవాడివి, తప్పులు రాస్తావని నాకు తెలుసు. రాయి. నేను తప్పులు దిద్దడానికి రాలేదు ఇక్కడికి.

విషయం మళ్ళీ చెప్తున్నా. నేను బజారు మెట్ల మీద మంచులో జారి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నానని ఎవరి పుట్టినరోజూ ఆగదు. ఇరవయ్యో తారీకు మా అమ్మకి, అంటే మీ నానమ్మకి, ఎనభై నిండుతాయి. ముప్ఫై ఏళ్ళుగా మన ఇంట్లో ప్రతి కేకూ నేనే చేశాను. ప్రతి కేకు మీదా చివరి పువ్వు అందరి ముందూ నేనే పెట్టాను. ఈసారి నువ్వు చెయ్యాలి. నువ్వే ఎందుకంటే, మీ నాన్న చేతులు జాకీలు తిప్పడానికి తప్ప పనికిరావు. మా అమ్మాయి దున్యా గరిటె పట్టుకుందంటే ఫోటో దిగడానికే. నీ చేతులు వణకవు, పంక్చర్ వేస్తుంటే చూశాను.

మా ఇంటి తాళం కోళ్ళ గూటి పక్కన, మూడో ఇటుక కింద ఉంటుంది. కేకుల నోట్‌బుక్ పిండి డబ్బాలో ఉంటుంది. కేకు కాల్చడం గాడిదకైనా వస్తుంది, పైన చేసే అలంకారమే అసలు పని. ముందు బంగాళదుంపలు ఉడకబెట్టి, మెత్తగా మెదిపి, క్రీమ్ పిండే పైపింగ్ సంచిలో నింపి గులాబీలు వెయ్యి. చెయ్యి కుదిరేదాకా క్రీమ్ ముట్టుకున్నావంటే ఊరుకోను.

మే తొమ్మిదిన దున్యా పద్దెనిమిదో పుట్టినరోజు. హాలు, బ్యాండు, వంద మంది. అప్పటికి నేను వచ్చేస్తా. ఆ కేకు నాది. ఈలోపు వచ్చేవి నీవి.

నీ మేనత్త జాగోర్కా


కికిందా, మా టైర్ల షెడ్డు, ఒక లారీ కింద
ఫిబ్రవరి 12

అత్తా,

ఊరూ తారీకూ రాశా. చాలా?

నాలుగు కిలోల దుంపలయ్యాయి. మొదటి గులాబీ క్యాబేజీలా వచ్చింది. రెండోది లారీ తొక్కిన క్యాబేజీలా వచ్చింది. నిన్నటి నుంచి కొంచెం నయం. వేసినవన్నీ పారెయ్యలేక మా ఇంట్లో భోజనంలో పెట్టేస్తున్నా. నాన్న సాసేజీతో నంజుకుంటూ "ఏమే, ఈ మధ్య దుంపలు పువ్వుల్లా ఉంటున్నాయేంటి?" అని అమ్మని అడిగాడు. అమ్మ నా వైపు చూసి "తిను, మాట్లాడకు" అంది. అమ్మకి తెలిసిపోయింది, కానీ బయటపెట్టదు.

నాన్నకి మాత్రం నీ కోళ్ళకి మేత వెయ్యడానికి పోతున్నానని చెప్పా. షెడ్డులో తెలిసిందో, నా పని అయిపోయినట్టే. గాలి కొట్టే బోరా ఉన్నాడుగా, పోయినేడాది నేను ఇస్త్రీ షర్టు వేసుకొస్తే వారం రోజులు "పెళ్ళికూతురా, ఆ స్పానర్ అందుకో" అని పిలిచాడు.

ఒకటి అడగాలి. క్రీమ్ పూస్తుంటే కేకు పొడి లేచి అందులో కలిసిపోతోంది. తెల్ల కేకు గడ్డం గీసుకోనివాడి మొహంలా ఉంటోంది. ఏం చెయ్యాలి?

చెయ్యి ఎలా ఉంది?

రెల్యా


బాన్యా
ఫిబ్రవరి 13

రెల్యా,

ట్యూబుకి ప్యాచ్ వేసేటప్పుడు ఏం చేస్తావురా? సొల్యూషన్ పల్చగా రాసి ఆరనిస్తావు కదా. ఇదీ అంతే. ముందు పల్చగా ఒక పూత పూసి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టు. పొడంతా దానికి అతుక్కుపోతుంది. ఆ తర్వాత మందంగా రెండో పూత. వేడినీళ్ళలో కత్తి ముంచి, తుడిచి, దాంతో నున్నగా సాపు చెయ్యి.

చెయ్యి బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడొక కుర్ర డాక్టరు గిన్నెలో చిక్కుడు గింజలు పోసి ఒక్కొక్కటే ఏరమంటాడు. ఏరాక వండిపెట్టమంటాడేమో అనుకున్నా. మళ్ళీ గిన్నెలోనే పొయ్యమన్నాడు. మగాళ్ళు చెప్పే పనులన్నీ ఇంతే.

అత్త


కికిందా, మీ వంటింట్లో
ఫిబ్రవరి 20

అత్తా,

కేకు అయిపోయింది. టేబుల్ మీద పెట్టా. అందరూ చూశారు. నానమ్మ ఏమీ అనలేదు. వెళ్ళి పడుకుంది.

కోళ్ళు బాగున్నాయి.

రెల్యా


బాన్యా
ఫిబ్రవరి 21

ఒరేయ్ సన్నాసీ,

ఏమీ అనలేదా? పడుకుందా? నాకు ఫోన్ చేసి ఇరవై నిమిషాలు ఏకిపారేసింది! "ఒసేయ్ జాగోర్కా, నిన్ను కని పెంచింది ఇందుకా? నా దినానికి చెయ్యాల్సింది నేనుండగానే చేసి బస్సులో పంపిస్తావా? ఆ డ్రైవరు కూడా నన్ను చూసి అయ్యో పాపం అనుకునుంటాడు!" అంటుంది. ఏ బస్సురా? ఏ డ్రైవరు? నేను నోరు తెరిచేలోపే ఫోన్ పెట్టేసింది.

తర్వాత దున్యా ఫోటో పంపింది. అది కేకా? గుట్టలా ఉబ్బి, పైన తెల్లగా పంచదార పొడి, చుట్టూ వాల్‌నట్లు, నడి మధ్యలో చర్చిలో వెలిగించే సన్న కొవ్వొత్తి. చచ్చిపోయినవాళ్ళ పేరు మీద గోధుమలు వండి పెడతామే, అచ్చం ఆ పళ్ళెం! పైగా పన్నెండు గులాబీలు. పన్నెండు! బతికున్నవాళ్ళకి బేసి పువ్వులు, పోయినవాళ్ళకి సరి పువ్వులు. కికిందాలో చెట్ల మీద కూర్చునే గుడ్లగూబలకి కూడా తెలుసురా ఆ సంగతి!

బస్సు కథేంటో చెప్పు. ఉన్నదున్నట్టు.

అత్త


కికిందా, కోళ్ళ గూటి పక్కన
ఫిబ్రవరి 21

అత్తా,

ఉన్నదున్నట్టు చెప్తా, తిట్టకు.

నేను దగ్గర్నుంచి చూసిన అలంకారం అదొక్కటే. తాతయ్య పోయినప్పుడు గోధుమల పళ్ళెం నా చేతికే ఇచ్చారు, చర్చి దాకా మోశా. తెల్లగా ఎంత బాగుందో అనుకున్నా. అదే గుర్తొచ్చింది. పన్నెండు ఎందుకంటే, చక్రానికి బోల్టుల్లా ఎదురెదురుగా పెడితే ఎడం సమానంగా వస్తుంది. లెక్క సంగతి తట్టలేదు. ఎనభై కొవ్వొత్తులు ఎక్కడ తేను, సొరుగులో అదే దొరికింది.

నానమ్మ "ఎక్కడిదిరా ఇది?" అంది. ఇంటినిండా జనం. బోరా కూడా ఉన్నాడు. చెవులు వేడెక్కిపోయాయి. "అత్త బస్సులో పంపింది" అని నోట్లోంచి వచ్చేసింది. అంతే, అందరూ నమ్మేశారు.

నానమ్మ మంచం ఎక్కి, పెట్టె అడుగునుంచి తన చావుకని దాచుకున్న నల్ల గౌను తీయించి, ఇస్త్రీ చేసి పెట్టమంది. గంట తర్వాత తనే లేచొచ్చింది. గులాబీలు మళ్ళీ లెక్కపెట్టింది. ఒకటి పీకి నోట్లో వేసుకుంది. "పదకొండు. ఇంక పోను" అంది. అది బాగుందని ఇంకో రెండు తింది. తొమ్మిదయ్యాయి, లెక్క తప్పలేదు. ఆ తర్వాత ఒక గ్లాసు రాకియా సారా తాగి పాట కూడా పాడింది.

రేపు అందరికీ నిజం చెప్పేస్తానులే.

రెల్యా


బాన్యా
ఫిబ్రవరి 23

రెల్యా,

రెండు రోజులు ఆలోచించా. చెప్పకు.

నేనే పంపాననుకోనీ. నీ చెవులు చల్లగా ఉంటాయి. నాకూ ఏం నష్టం లేదు. పక్క మంచం ఆవిడకి ఆ ఫోటో చూపించి నేనే చేశానని చెప్పా. "ఎవరు పోయారు?" అని అడిగింది. అది వేరే సంగతి.

ఆ గులాబీల అంచులు బాగా వచ్చాయిరా. నిజంగానే. సంచి మధ్యలో కాదు, పైన మెలితిప్పిన చోట నొక్కు. అంచు ఇంకా పల్చబడుతుంది.

అత్త


కికిందా, షెడ్డు
మార్చి 18

అత్తా,

నాన్న యాభయ్యో పుట్టినరోజు అయిపోయింది. టైరు కేకు చేశా. చాక్లెట్ క్రీమ్, ఫోర్కుతో చారలు తీసి ట్రెడ్ గీశా, మధ్యలో బూడిద రంగు రిమ్ము, ఐదు బోల్టులు. ఐదు, చూసుకున్నావా? మా ఇంట్లో నేనొక్కడినే పువ్వులకి బదులు బోల్టులు లెక్కపెట్టే రకం.

సాపు చెయ్యడానికి కేకు గుండ్రంగా తిరగాలన్నావుగా. మా టైరు విప్పే మెషిన్ బల్ల కాలితో తొక్కితే తిరుగుతుంది. ఆదివారం షెడ్డులో ఎవరూ లేనప్పుడు దానికి ప్లాస్టిక్ చుట్టి, కేకు ఎక్కించి తొక్కా. ఒక్క చుట్టు, అద్దంలా వచ్చింది. మొదట గట్టిగా తొక్కేశా, సగం క్రీమ్ గోడకి కొట్టింది. సోమవారం నాన్న మెషిన్ తుడుస్తూ వేలు నాకి, "ఒరేయ్, ఈ గ్రీజు తియ్యగా ఉందేంట్రా?" అన్నాడు. కొత్త కంపెనీ అన్నా.

కేకు చూసి బోరా గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "ట్రెడ్డు చూడండ్రా! శీతాకాలం టైరు! జాగోర్కా అక్క చేతికి దండం పెట్టాలి" అన్నాడు. నానమ్మ ఈస్టర్ ముందు ఉపవాసాల్లో ఉంది కదా, కుర్చీ కేకు వైపు లాక్కుని కూర్చుని వాసన చూసింది. "వాసనకి పాపం లేదు" అంది.

అప్పుడు దున్యా కుర్చీ ఎక్కి నిలబడి అందరికీ చెప్పింది. అమ్మ చెయ్యి బాగైపోయింది, నా పద్దెనిమిదికి మూడంతస్తుల కేకు, చివరి గులాబీ హాల్లో అందరి ముందూ అమ్మే పెడుతుంది అని. అందరూ చప్పట్లు కొట్టారు.

నువ్వు వచ్చేస్తావుగా, అందుకే నేనేం మాట్లాడలేదు.

రెల్యా


బాన్యా
మార్చి 19

టైరు బాగుంది.

అత్త


కికిందా
ఏప్రిల్ 22

అత్తా,

నీకు ఐదుసార్లు రాశా. నువ్వు కోళ్ళ గురించి అడిగావు, వానల గురించి అడిగావు, బోరా కూతురి పళ్ళ గురించి కూడా అడిగావు. నేనడిగిన దానికి జవాబు మాత్రం లేదు. నెల మొదట్లో ఎన్ని గింజలు ఏరుతున్నావు అంటే "బోలెడు" అన్నావు. బోలెడు అంటే ఎన్ని?

మేలో ఏ రోజు వస్తున్నావు? క్రీమ్‌కి వెన్న కొని పెట్టనా? దున్యా రోజూ ఆ హాలు ఫోటోలు చూపిస్తోంది. కేకు టేబుల్ సరిగ్గా మధ్యలో ఉంటుందట, దాని మీద ప్రత్యేకంగా లైటు కూడా పెడతారట.

రెల్యా


బాన్యా
ఏప్రిల్ 24

రెల్యా,

బోలెడు అంటే పదకొండు.

మూడు నెలలయింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం భోజనం దాకా కూర్చుంటే పదకొండు గింజలు. బొటనవేలూ చూపుడువేలూ కలుస్తాయి. మిగతా మూడూ లేనట్టే. నరం తెగిందని ఆ కుర్ర డాక్టరు మొదటి వారమే చెప్పాడు. పెద్ద డాక్టరు వచ్చి వేరేలా చెప్తాడేమోనని చూశా. ఆయన కూడా అదే చెప్పాడు, కాకపోతే కళ్ళజోడు తీసి చెప్పాడు.

బస్సులో కేకులు పంపుతున్నానని నువ్వు అబద్ధం చెప్పావు చూడు, ఆ అబద్ధంలో నా చెయ్యి బాగుందిరా. అందుకే చెప్పొద్దన్నా. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "టైరు భలే చేశావు" అంటుంటే, ఆ కాసేపు నేను చేసినట్టే ఉండేది.

వచ్చే నెల ఆరో తారీకున ఇంటికి పొమ్మన్నారు. ఇంకో రెండు వారాలు ఉంటానని రాసిచ్చా. దున్యా పండక్కి నేను రాను. వస్తే సంచి నా చేతికిస్తారు. ఆ లైటు కింద వంద మంది చూస్తుండగా అది జారి కింద పడుతుంది. పిల్ల పద్దెనిమిదో పుట్టినరోజంటే అందరికీ అదే గుర్తుంటుంది. జ్వరం అని చెప్తా. కేకు నువ్వు చెయ్యి. బస్సులో పంపానని చెప్పు, నమ్ముతారు.

ఎవరికీ చెప్పకు.

అత్త


కికిందా
ఏప్రిల్ 24

అత్తా,

సరే.

రెల్యా


బాన్యా
ఏప్రిల్ 26

ఏంట్రా సరే?

నీ దగ్గర కడుపులో ఉన్నదంతా బయటపెడితే మళ్ళీ అదే సరేనా? రెండు రోజులుగా ఈ ఫోన్ని చూస్తూ కూర్చున్నా. తిట్టు, ఏడు, ఏదో ఒకటి రాయి.

అత్త


కికిందా, షెడ్డు, ఈసారి లారీ కింద కాదు
మే 3

అత్తా,

నాకు రాయడం రాక సరే అన్నా. రాయడానికి ఏమైనా జరగాలి కదా. జరిగింది, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

బుధవారం బోరా నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "ఒరేయ్, మా పాపకి ఐదో పుట్టినరోజు. ముళ్ళపంది కేకు కావాలట. మీ అత్తకి చెప్పి ఒకటి బస్సులో పంపించమనవా?" నా చెవులు మళ్ళీ వేడెక్కాయి. షెడ్డులో నాన్న ఉన్నాడు, ఇద్దరు లారీ డ్రైవర్లు ఉన్నారు. "నేను చేస్తా" అన్నా. బోరా పడీ పడీ నవ్వాడు. "నువ్వా? పెళ్ళికూతురు గౌను కూడా కుడతావా?" అన్నాడు.

నోటితో చెప్పడం నావల్ల కాలేదు. ప్లాస్టిక్ కవరు తీసుకుని గ్రీజు నింపా. మూల కత్తిరించి, స్పేర్ టైరు మీద ఒక గులాబీ వేశా. నల్లది. అందరూ చుట్టూ మూగారు. ఇంకోటి వేశా. ఇంకోటి. మూడు, బేసి. ఒక డ్రైవరు "ఆ టైరు నాది, తుడవకండి, ఇంటిదాన్ని తీసుకొచ్చి చూపిస్తా" అన్నాడు. బోరా వంగి చూసి, "ముళ్ళకి బాదం పప్పులు పెట్టు, పిల్లకి గుచ్చుకోకుండా" అన్నాడు. పెళ్ళికూతురు అనలేదు.

నాన్న ఇంటికెళ్ళాక సూపు తాగుతూ "ఆ దుంపలు కూడా నువ్వేనా?" అన్నాడు. ఊ అన్నా. "ఆ గ్రీజు?" అన్నాడు. ఊ అన్నా. గ్లాసులో నాకూ కొంచెం రాకియా పోశాడు.

దున్యాకి కూడా చెప్పేశా, కేకులన్నీ నావని. ముందు వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత "మరి అమ్మ చెయ్యి?" అంది. నేను నేలకేసి చూశా. నేనేం చెప్పలేదు అత్తా, ఒట్టు. నేల చూశా అంతే. తను లోపలికెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చి "అమ్మ రాకపోతే నేను హాలుకి పోను" అంది.

నీ పదకొండు గింజలు కూడా బేసే కదా.

రెల్యా


బాన్యా
మే 5

రెల్యా,

గ్రీజుతో గులాబీలా? నీ మొహం మండ. నా నవ్వుకి నర్సు పరిగెత్తుకొచ్చింది.

నువ్వు అందరి ముందూ నిలబడ్డావు. మంచిది. నీ చేతులు పని చేస్తాయి కాబట్టి నిలబడ్డావు. నన్ను అడక్కు. దున్యాకి నేనే ఫోన్ చేసి సర్దిచెప్తా. హాలుకి పోకపోతే నా చెయ్యే దాని పండగ పాడుచేసినట్టు, అది నేను మొయ్యలేను.

ఆ చివరి పువ్వు కూడా నువ్వే పెట్టెయ్యి. చాల్లే ఇక.

అత్త


కికిందా, హాలు, కేకు టేబుల్ పక్కన
మే 9, పొద్దున్న ఏడు

అత్తా,

మూడంతస్తులు నిలబడ్డాయి. తెల్ల క్రీమ్, అంచులకి అల్లిక బుట్టలాంటి డిజైను, నీ నోట్‌బుక్‌లో చివరి పేజీలోది. పంచదార పొడి చల్లలేదు. చర్చి కొవ్వొత్తి పెట్టలేదు.

గులాబీలు పద్దెనిమిది.

తప్పు కాదు. నాకు లెక్కొచ్చు ఇప్పుడు. పద్దెనిమిదే వేశా. పైఅంతస్తు నడిమధ్యలో ఒక చోటు ఖాళీగా ఉంచా. అది నీది.

పద్దెనిమిదేళ్ళు నిండుతున్న పిల్లకి శవానికి పెట్టే లెక్కలో పువ్వులు. నానమ్మ ఇందాక వచ్చి చూసింది. మూడుసార్లు లెక్కపెట్టింది, మూడుసార్లు గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. విషయం చెప్పా. "ఆ మొండిది రాదు, నాకు తెలుసు, నేనే కన్నా దాన్ని" అని ఫోర్కు తెచ్చుకుని టేబుల్ పక్కన కుర్చీ వేసుకుంది. నువ్వు రాకపోతే ఒకటి తినేసి పదిహేడు చేస్తానంటోంది. కింద వరసలో పెద్దదాన్ని ఇప్పటికే ఎంచుకుంది. సాయంత్రం ఏడింటికి కేకు కోస్తారు. ఆరున్నరదాకా ఆగమని బతిమాలా. ఆవిడ ఎంతసేపు ఆగగలదో నీకు తెలుసు.

దున్యాకి తెలుసు. "లెక్క సరిచేసేదాకా నేను కత్తి పట్టుకోను" అంది.

సంచి జారిపోతే జారిపోనీ. ఎడమ చేత్తో వెయ్యి. ఇంకోటి చెప్పాలి. పండగలో మైకు పట్టుకునే ఆయన నిన్న రాత్రి నా పేరు రాసుకున్నాడు, కేకు చేసినవాణ్ణి లైటు కిందకి పిలుస్తాడట. వంద మంది అత్తా. నువ్వు పక్కనుంటే అందరూ నిన్నే చూస్తారు, నన్ను చూడరు. నాకోసమైనా రా.

పొద్దున్న తొమ్మిదింటికి బస్సు ఉంది. నేను కనుక్కున్నా. కేకులొచ్చే బస్సే.

రెల్యా


బస్సు, డ్రైవరు వెనక సీటు
మే 9, పదకొండున్నర

వెధవా,

నా బుర్ర తినడానికే పుట్టావురా నువ్వు. చెప్పులు మార్చుకోలేదు, ఆసుపత్రి చెప్పులతోనే ఎక్కేశా. పక్క మంచం ఆవిడ కిటికీలోంచి ఫోటో ఊపింది, టైరు కేకుది. ఎక్కగానే డ్రైవర్ని అడిగా, కికిందాకి కేకులు ఎప్పుడైనా పట్టుకెళ్ళావా అని. లేదన్నాడు. ఎవరైనా అడిగితే పట్టుకెళ్ళానని చెప్పమన్నా.

ఇప్పుడు విను. క్రీమ్ గట్టిగా ఉంచు, ఎండకి కారనివ్వకు. సంచిలో సగమే నింపు, బరువెక్కువైతే ఎడమ చెయ్యి ఆగదు. చిన్న సంచి తీసుకో. నాజిల్ పల్చటి అంచుది. పక్కన ఒక పళ్ళెంలో దుంపలు మెదిపి పెట్టు. హాల్లోకి రాకముందు వెనక గదిలో రెండు మూడు వేసి చూసుకుంటా.

ఎంత చేసినా అది క్యాబేజీలాగే వస్తుంది, ముందే చెప్తున్నా. వంద మంది ముందు క్యాబేజీ పెడతా. ఎవరైనా నవ్వితే బోరాని వాళ్ళ టైర్లలో గాలి తీసెయ్యమను.

మా అమ్మకి చెప్పు, ఆ ఫోర్కు కింద పెట్టమను. పందొమ్మిదోది నాది. పెట్టాక కావాలంటే రెండు తినమను. ఒకటి తిందో, చంపుతా.

దీనికి మళ్ళీ "సరే" అన్నావంటే బస్సు దిగగానే నీ చెవి మెలేస్తా. ఎడమ చెయ్యి బాగా పనిచేస్తోంది.

అత్త


కికిందా, హాలు గుమ్మం
మే 9

అత్తా,

సరే.

రెల్యా